ఒకే కలెక్టరు, రెండు లోకాలు: గోదావరి డెల్టా, రంప కొండలు

కిందటిసారి ఆఫ్రికాలో రువాండా, బురుండి గురించి చెప్పుకున్నాం కదా. దాని మీద చాలామంది ఒకటే అడిగారు: భీమవరంలో కూర్చుని బురుండి గొడవ మనకెందుకండీ అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఇవాళ చెప్తాను. జవాబు మన ఇంటి వెనకాలే ఉంది.

ముందు ఆ రెండు దేశాల సంగతి క్లుప్తంగా గుర్తు చేస్తాను, కిందటి ఎపిసోడ్ చూడనివాళ్ల కోసం. రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ కొండల దేశాలే. ఒకరి భాష ఇంకొకరికి అర్థమవుతుంది. రెండింట్లోనూ హుటూలు ఎక్కువ, టుట్సీలు తక్కువ, త్వా అనే వాళ్లు మరీ తక్కువ. మొదట జర్మన్లు ఏలారు, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బెల్జియం వాళ్లు ఏలారు. ఇద్దరికీ స్వాతంత్ర్యం ఒకే రోజున వచ్చింది, 1962 జులై 1న. ఇంత ఒకేలాగ మొదలైన రెండు దేశాలు ప్రపంచంలో అరుదు.

తర్వాత ఏమైందంటే, రువాండాలో అధికారం హుటూల చేతిలోకి పోయింది, బురుండిలో టుట్సీ సైన్యం చేతిలో ఉండిపోయింది. బురుండిలో 1972లో హుటూల ఊచకోత. రువాండాలో 1994లో దాదాపు వంద రోజుల్లో లక్షల మంది టుట్సీల హత్య. బురుండి 1993 నుంచి పన్నెండేళ్ల పాటు అంతర్యుద్ధంలో నలిగింది. ఇవాళ చూస్తే, రువాండా రాజధాని కిగాలీ శుభ్రతకి, రోడ్లకి పేరు. అక్కడ ఒకే మనిషి చేతిలో గట్టి పాలన, ఎదురు మాట్లాడినవాళ్లకి చోటు తక్కువ. బురుండి ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. పదవులు ఇన్ని మీకు, ఇన్ని మాకు అని 2000లో అరూషాలో రాసుకున్న ఒప్పందం మీద యుద్ధం ఆపుకుంది, 2015లో మళ్లీ అట్టుడికింది.

ఇలాంటి వాటిని ఇంగ్లీషువాళ్లు ఫ్రాజైల్ స్టేట్స్ అంటారు. అంటే చిన్న దెబ్బకే పగిలిపోయే రాజ్యాలన్నమాట. మరి అభివృద్ధి ముందా, శాంతి ముందా? తిండి పెడితే గొడవలు ఆగుతాయా, గొడవలు ఆగితే తిండి దొరుకుతుందా? పెద్ద పెద్ద సంస్థలు దీని మీద పుస్తకాలకు పుస్తకాలు రాశాయి. నేను చెప్పేదేంటంటే, ఈ ప్రశ్నకి పనికొచ్చే ఉదాహరణ ఆఫ్రికాలో వెతుక్కోనక్కర్లేదు. నూటయాభై ఏళ్ల కిందటి గోదావరి జిల్లా చాలు.

మన డెల్టా ఊళ్లలో తిరిగితే రెండు విగ్రహాలు కనిపిస్తాయి. ఒకటి గుర్రం మీద కాటన్ దొర. ఇంకోటి విల్లంబులు పట్టుకున్న అల్లూరి సీతారామరాజు. భీమవరంలో అయితే 2022 జులై 4న ప్రధానమంత్రి వచ్చి ముప్ఫై అడుగుల అల్లూరి కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆయన పుట్టింది విశాఖ వైపు పాండ్రంగిలో, కానీ వాళ్ల సొంత ఊరు మన పక్కనే ఉన్న మోగల్లు. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. కాటన్ ఏ ప్రభుత్వపు ఉద్యోగో, అల్లూరి తుపాకీ ఎక్కుపెట్టింది ఆ ప్రభుత్వం మీదే. మనం ఇద్దరికీ దండలేస్తాం. ఇందులో మనది కపటం కాదు. ఒకే ప్రభుత్వం ఒకచోట ఒకలాగ, ఇంకోచోట ఇంకోలాగ కనబడింది. ఎందుకలా అన్నదే ఇవాల్టి కథ.

ముందు డెల్టా సంగతి. ఇప్పుడు డెల్టా అంటే అన్నపూర్ణ అంటాం. 1840కి ముందు ఇక్కడికి వచ్చి ఎవరైనా ఆ మాట అంటే ఊరంతా నవ్వేది, నవ్వే ఓపిక ఉంటే. ఉత్తర సర్కారులు కుంపెనీ చేతికి 1760ల్లో వచ్చాయి. 1802 ప్రాంతం నుంచి జమీందారీలకి శాశ్వత పన్ను కట్టారు. వానొచ్చినా రాకపోయినా అంత కట్టాల్సిందే. జమీందారు బాకీ పడితే ఎస్టేటు వేలం. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు. నందన కరువని ముసలివాళ్లు తరతరాలుగా చెప్పుకునేది అదే. గుంటూరు వైపు ఆ దెబ్బ మరీ ఘోరం, లక్షకు పైగా చనిపోయారు. 1839లో కోరింగ రేవుని ఉప్పెన ముంచేసింది.

దీనికి తోడు మగ్గం పోయింది. నరసాపురం పక్కన మాధవాయపాలెం పేరు మీద ఒక రకం బట్టని ఇంగ్లండులో మదపొల్లం అని పిలిచేవాళ్లు, అంత పేరు. 1833 చట్టంతో కుంపెనీ వ్యాపారం మానేసింది, మిల్లు బట్ట దిగింది, సాలెవాళ్ల వీధులు ఖాళీ అయ్యాయి. పొలం లేదు, మగ్గం లేదు. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308. ఇరవై ఏళ్ల తర్వాత, 1841లో 5,61,041. నలుగురున్న చోట ముగ్గురు మిగిలారు. గోదావరి మాత్రం ఎప్పట్లాగే ఊళ్ల పక్క నుంచి సముద్రంలోకి పోతూనే ఉంది.

ఇవాళ ఒక దేశంలో ఇరవై ఏళ్లలో జనాభా పావు వంతు పడిపోతే దాన్నేమంటారు? ఆఫ్రికా అనక్కర్లేదు, అది మన ముత్తాతల ముత్తాతల ఊరే. కొందరు డెల్టా వాళ్లు పుట్టుకతోనే కష్టజీవులు, తెలివైనవాళ్లు, అందుకే బాగుపడ్డారు అంటుంటారు. 1841లో కూడా ఆ తెలివే ఉంది, ఆ కష్టమే ఉంది. మరి అప్పుడేమైంది?

కుంపెనీకి ఇక్కడ బాధ ఏంటంటే జనం చావడం కంటే శిస్తు పడిపోవడం. ఇది నేను వెటకారంగా అనట్లేదు, వాళ్ల కాగితాల్లో ఆ లెక్కే ముందుంటుంది. 1843-44లో సర్ హెన్రీ మాంట్‌గొమరీని విచారణకి పంపారు. ఆయన నీటి పనులు చేపట్టకపోతే లాభం లేదన్నాడు. అంతకుముందే తంజావూరు వైపు కొల్లడం మీద పనిచేసిన ఆర్థర్ కాటన్ ఇక్కడికొచ్చి నది కొలిచి 1844, 45ల్లో రిపోర్టులు రాశాడు. లండన్‌లో డైరెక్టర్లు 1846 డిసెంబరులో ఒప్పుకున్నారు. 1847లో పని మొదలైంది, 1852కి ఆనకట్ట నిలబడింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. రాయి ధవళేశ్వరం కొండదే. ఆ రాయి మోయడానికి పట్టాలు కూడా వేశారు. మన దేశంలో ప్రయాణికుల రైలు 1853లో మొదలైతే, అంతకుముందే మన దగ్గర రాళ్ల బండి పట్టాల మీద తిరిగింది. కథలో పక్కదారి పట్టాను గానీ, ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

కాటన్ పక్కన వీణెం వీరన్న అనే మన మనిషి ఉన్నాడు. కూలీలని సమకూర్చింది, పని నడిపించింది ఆయన. రాయ్ బహదూర్ బిరుదు కూడా ఇచ్చారు. విగ్రహాల లెక్కలో ఆయన వాటా తక్కువే. లక్షలాది బుట్టల మట్టి మోసినవాళ్లకి అదీ లేదు.

నీళ్లు వచ్చాక ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు, మీరు రోజూ చూస్తున్నారు. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా. మనది విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే పశ్చిమ డెల్టా. కాలవలు నీటికే కాదు, పడవలకి కూడా. లాకులు కట్టింది అందుకే. ఊరి ధాన్యం పడవెక్కి రేవుకి పోయేది. అంటే పండిన దానికి బజారు కూడా కాలవతోనే వచ్చింది. 1860ల్లో రైతువారీ సెటిల్‌మెంట్ చేశారు, రైతు పేరు మీద పట్టా పుట్టింది. శిస్తు ఇంత అని ముందే తెలుసు, అది చాలాకాలం మారదు. అప్పుడు రైతుకి పొలం మీద ఖర్చు పెట్టబుద్ధవుతుంది. 1876-78లో మద్రాసు రాజధానిలో లక్షల మందిని మింగిన ధాత కరువు వచ్చినప్పుడు డెల్టా తట్టుకోవడమే కాదు, బయటికి బియ్యం పంపింది.

నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను. డెల్టాలో ప్రభుత్వం మూడు రూపాల్లో కనబడింది: నీరుగా, పట్టాగా, ఉద్యోగంగా. కరణం, అమీను, లస్కరు, బడి పంతులు, ప్లీడరు, వీళ్లంతా ఆ ఊళ్లవాళ్లే లేదా పక్క ఊళ్లవాళ్లే. కోర్టుకి పోతే భాష తెలుసు. అర్జీ ఎలా పెట్టాలో తెలుసు. కోపం వస్తే సభ పెట్టేవాళ్లు, పత్రిక పెట్టేవాళ్లు. వీరేశలింగం గారు వివేకవర్ధని నడిపింది, 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించింది రాజమండ్రిలోనే. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

అయితే డెల్టాని మరీ స్వర్గం చేయకూడదు. పట్టా ఎవరికి వచ్చింది? భూమి ఉన్నవాళ్లకి. మాలపల్లి, మాదిగపల్లి వాళ్లకి పాలేరుతనమే మిగిలింది. ఊడ్పుల్లో, కోతల్లో పని పెరిగింది నిజమే గానీ పొలం వాళ్లది కాలేదు. అప్పుల్లో ఉన్నవాళ్లు, భూమి లేనివాళ్లు ఏం చేశారంటే, కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ పోయారు. అక్కడ మనవాళ్లని కోరంగీలు అని పిలిచేవాళ్లు, కోరింగ రేవు పేరు మీదుగా. రేవుల్లో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, రైసు మిల్లుల్లో పనిచేశారు. డెల్టా శాంతంగా ఉందంటే కొంత కారణం ఆనకట్ట, కొంత కారణం ఆ స్టీమరు. కడుపు మండినవాడు వెళ్లిపోవడానికి దారి ఉంది. ఈ రెండో సంగతి మన పుస్తకాల్లో తక్కువగా రాస్తారు.

ఇప్పుడు కొండెక్కుదాం. రాజమండ్రి నుంచి రంపచోడవరం అరవై కిలోమీటర్లు కూడా ఉండదు. అప్పుడు అదీ గోదావరి జిల్లాయే, అదే కలెక్టరు. రంప దేశాన్ని మన్సబ్‌దారు ఏలేవాడు, ఆయన కింద ముఠాదారులు. ముఠా అంటే కొన్ని కొండ ఊళ్ల గుంపు. 1813లో కుంపెనీ రామభూపతి దేవు అనే మన్సబ్‌దారుతో ఒప్పందం చేసుకుని కొండని ఆయనకి వదిలేసింది. కొండల్లో శిస్తు రాదు, జ్వరం వస్తుంది. సిపాయిలు బాణాల కంటే చలిజ్వరానికే ఎక్కువ భయపడ్డారు. అంచేత ఖర్చు లేకుండా ఏలడానికి మధ్యలో ఒక మనిషిని పెట్టుకున్నారు. బెల్జియం వాళ్లు రువాండాలో చేసింది కూడా అదే సుమండీ, రాజుని ముందుపెట్టి వెనక నుంచి నడిపారు.

రామభూపతి పోయాక వారసత్వం గొడవ, పితూరీలు. 1848లో ఆయనకి ఉంపుడుగత్తె వల్ల పుట్టిన కొడుకుని మన్సబ్‌దారుగా కూర్చోబెట్టారు. ముఠాదారులకి ఆయనంటే పడదు. ఆయన వాళ్ల ముఠాలు లాక్కున్నాడు, పన్నులు పెంచాడు. అందులో పేరుమోసింది చిగురు పన్ను, అంటే కల్లు గీసుకునేందుకు కట్టే పన్ను. కొండవాళ్లకి కల్లు తాగుడు సరదా మాత్రమే కాదండి. ఎండాకాలంలో గింజలు అయిపోయాక కొన్ని వారాలు జీలుగు కల్లు, చింతపిక్కలు, మామిడి టెంకల జావ మీదే బతుకు. సొంత చెట్టుకి సొంత కుండ కట్టుకుంటే పన్నేంటి అని వాళ్లకి అర్థం కాలేదు. ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వపు ఆబ్కారీ చట్టం వచ్చి ఇంటి వాడకానికి గీయడం కూడా నిషేధించింది, కల్లు పాట కాంట్రాక్టర్లకి ఇచ్చింది. ఆ కాంట్రాక్టర్లు ఎవరు? కింద నుంచి వచ్చినవాళ్లు. మనవాళ్లు.

ఇక్కడే నాకు కథ ముడిపడుతుంది. డెల్టాలో చేరిన డబ్బు ఊరుకోదు కదా, పెట్టుబడి వెతుక్కుంటుంది. కొంత కొండెక్కింది. ఉప్పు, బట్ట అప్పిచ్చి చింతపండు, పశువులు రాయించుకునే షావుకార్లు, కల్లు పాటదారులు, కలప వ్యాపారులు. అప్పు కాగితం తెలుగులో రాసి వేలిముద్ర వేయించుకునేవాళ్లు. తర్వాత మైదానంలో కోర్టులో దావా. కొండమనిషికి నోటీసు అందదు, అందినా చదవలేడు, చదివించుకున్నా అరణ్యం దాటి వచ్చేసరికి ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయుంటుంది. అయిదు రూపాయల బాకీకి నూరు రూపాయల పశువులు, పంట తోలుకుపోయారని జిల్లా గెజెటీరే రాసుకుంది. ఆ గెజెటీర్ రాసింది కూడా దొరలే, కొండవాళ్ల పక్షంవాళ్లు కాదు.

చూడండి, డెల్టాలో రైతుని కాపాడిన కోర్టు, కాగితం, కాంట్రాక్టు, అవే కొండలో మనిషిని ముంచాయి. చట్టం ఒకటే. దాన్ని వాడుకోగలిగే స్థితి ఒకటి కాదు. పట్టా లేదు, బడి లేదు, కాలవ లేదు, ఉద్యోగి లేడు. ప్రభుత్వం కొండమనిషి గుమ్మంలోకి వచ్చిన మొదటి రూపం పన్ను, రెండో రూపం జప్తు, మూడో రూపం పోలీసు.

1879 మార్చిలో చోడవరం దగ్గర మొదలైంది. ఇప్పుడు రంపచోడవరం అంటాం. కారం తమ్మన్న దొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య, పులికంట సాంబయ్య, ఇవీ ముఖ్యమైన పేర్లు. పోలీసులని పట్టుకున్నారు, ఠాణాలు తగలబెట్టారు. ఏప్రిల్‌కి విశాఖ జిల్లా గూడెం కొండలకి, జులైకి భద్రాచలం తాలూకా రేకపల్లికి పాకింది. రేకపల్లి కథ విడిగా చెప్పాలి. అది 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. అక్కడ పోడు వ్యవసాయానికి గొడ్డలి లెక్కన పన్ను, గొడ్డలికి నాలుగణాలు. మద్రాసు చేతికి రాగానే పన్ను ఇంచుమించు మూడింతలు చేశారు, కొన్ని అడవుల్లో పోడే కొట్టొద్దన్నారు. మనిషి మారలేదు, అడవి మారలేదు, పటం మీద ఒక గీత జరిగింది. ఆఫ్రికా పటం మీద గీతలు గీసిన కథ మనం చాలాసార్లు చెప్పుకున్నాం, రేకపల్లికి కూడా అలాంటి గీత ఒకటి పడింది.

అణచడానికి ఏం పంపారో వినండి. చుట్టుపక్కల జిల్లాల నుంచి వందల మంది పోలీసులు, ఆరు రెజిమెంట్ల మద్రాసు పదాతిదళం, అశ్వికదళం ఒక స్క్వాడ్రన్, శాపర్లు రెండు కంపెనీలు, పైగా హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి ఇంకో రెజిమెంటు. కొన్ని వేల మంది కొండవాళ్ల మీదికి. 1880 ఫిబ్రవరిలో చంద్రయ్యని చంపారు, ఆ వేసవి తర్వాత తమ్మన్న దొరని కాల్చేశారు. మన్సబ్‌దారుని దేశం దాటించి మన్సబు రద్దు చేశారు. ఇందాక 1881 డిసెంబరు గుర్తుపెట్టుకోమన్నాను కదా. రాజమండ్రిలో వితంతు వివాహం జరిగేనాటికి అరవై కిలోమీటర్ల దూరంలో కాలిన ఊళ్ల బూడిద ఇంకా ఆరినట్టు కాదు. రెండూ ఒకే జిల్లా చరిత్ర. మనం ఒకదాన్ని నవోదయం అనే అధ్యాయంలో, ఇంకోదాన్ని తిరుగుబాట్లు అనే అధ్యాయంలో చదువుతాం, అంచేత రెండూ పక్కపక్కన కనబడవు.

అణిచాక ఏం నేర్చుకున్నారంటే, సగం పాఠం. సల్లివన్, కార్మైకేల్ విచారణ చేసి కారణాలు బాగానే పట్టుకున్నారు, పన్ను, కల్లు, షావుకారు, కోర్టు అని రాశారు. మన్సబ్‌దారుని తీసేసి ముఠాదారులకి నేరుగా సనదులిచ్చారు. అంటే పెద్దమనిషి ఒక్కడి బదులు చిన్న పెద్దమనుషులు పాతికమంది. శాంతి కొనుక్కున్నారు, బాగానే చవగ్గా. కానీ ఊరి మనిషికి పట్టా రాలేదు, బడి రాలేదు. పైగా 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవికి కంచె వేసింది. 1917లో ఏజెన్సీ భూముల చట్టం వచ్చి, గిరిజనుల భూమి అనుమతి లేకుండా గిరిజనేతరుల చేతికి పోకూడదంది. మంచి చట్టమే, అప్పటికి చాలా భూమి పోయింది.

నలభై ఏళ్లు గడిచాయి. బయటి నుంచి చూసినవాడు కొండల్లో స్థిరత్వం వచ్చింది అని రాసేవాడు. 1922లో ఏమైంది? గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించడం మొదలుపెట్టాడు. రోడ్డు అభివృద్ధే కదండీ, కాదనేవాళ్లెవరు? ఆ రోడ్డు వేసింది కొండవాళ్ల చేత, ఇవ్వాల్సిన కూలి కోసేసి, రానివాళ్లని కొట్టి. ఆ రోడ్డు మీద మొదట ఎవరొస్తారో కూడా వాళ్లకి తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. తుపాకులు పట్టుకుపోయి, ఏమేం తీసుకున్నారో రాసి పెట్టి మరీ వెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలు చనిపోయారు. మలబారు పోలీసుల్ని, చివరికి అస్సాం రైఫిల్స్‌ని దింపారు. 1924 మే 7న సీతారామరాజుని చెట్టుకి కట్టి కాల్చేశారు. నెల తర్వాత గాం గంటం దొర పోయాడు. ఆయన తమ్ముడు మల్లు దొర అండమాన్ జైలుకి పోయి, బతికి తిరిగొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. సినిమాలు తీసేవాళ్లు ఈ ఆఖరి వాక్యం మాత్రం వదిలేస్తారు.

అల్లూరి మన డెల్టా కుటుంబం మనిషి అని చెప్పాను. డెల్టా చదువు, డెల్టా భాష తెలిసినవాడు. కొండవాళ్ల అర్జీలు రాసిపెట్టాడు, పంచాయితీలు పెట్టుకోండి, కోర్టులకి పోకండి అన్నాడు. తుపాకీకి ముందు ఆయన చేసిన పని అదే. కింద నుంచి ఎక్కిన ప్రతివాడూ షావుకారే అయినచోట, అర్జీ రాసిపెట్టడానికి ఎక్కిన ఒక మనిషి వాళ్లకి కొత్త. కొండవాళ్లు ఆయన్ని ఎందుకు నమ్మారని అడిగితే నా జవాబు మహిమలు కాదు, ఇది.

కొండవాళ్లకి అభివృద్ధి పడదు, అడవిలో అలాగే ఉండాలనుకుంటారు అనే మాట ఇప్పటికీ వింటుంటాం. 1879 విచారణలో వాళ్లేం అడిగారో చూడండి. కల్లు మా చెట్టుకి మేం గీసుకుంటాం, బాకీ మా దగ్గరే విచారించండి, పోడు పన్ను పాతదే ఉంచండి. ఇందులో అభివృద్ధి వద్దన్న మాట ఎక్కడుంది? 1844లో డెల్టా రైతు అడిగింది కూడా ఇంచుమించు ఇదే, శిస్తు తగ్గించండి, నీళ్లివ్వండి అని. ఒకరి కోసం ఇంజనీరుని పంపారు, ఇంకొకరి మీదికి రెజిమెంట్లని పంపారు. తేడా ఏంటంటే, డెల్టాలో పెట్టిన రూపాయి శిస్తుగా తిరిగొస్తుంది, కొండలో రాదు.

అందుకే రువాండా, బురుండి చూసినప్పుడు నేను ఒకటి అడుగుతాను. గొడవ లేదు సరే, ఎందుకు లేదు? జనానికి పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండి ఊరుకున్నారా, లేక తుపాకీకి భయపడి ఊరుకున్నారా? 1881లో డెల్టాలోనూ ప్రశాంతమే, రంపలోనూ ప్రశాంతమే. పై ఆఫీసులో రిపోర్టు రాసేవాడికి రెండూ ఒకే గడిలో పడతాయి. కిగాలీ రోడ్లు చూసి మెచ్చుకునేవాళ్లు తప్పు అనను, ఆ రోడ్లు నిజమైనవే, ఆసుపత్రులు నిజమైనవే. అది ఆనకట్ట శాంతా, సనదుల శాంతా అన్నది ఆ మనిషి దిగిపోయిన రోజున గానీ తేలదు. బురుండిలో పదవులు పంచుకున్నారు, పంచుకోవడానికి పొలంలో ఏమీ పెరగలేదు. అది మాత్రం నాకు అచ్చంగా ముఠాదారుల సనదుల్లాగే అనిపిస్తుంది.

ఇక ఇప్పటి సంగతి. స్వాతంత్ర్యం తర్వాత 1959లో, తర్వాత 1970లో ఏజెన్సీ భూ బదలాయింపు నిబంధనలు బిగించారు. వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. కాగితం మీద 1879 నాటి ఫిర్యాదులకి చాలావాటికి జవాబు దొరికింది.

కానీ నీళ్ల సంగతి చూడండి. మన దాళ్వా పంట దేని మీద నడుస్తోంది? గోదావరిలో ఎండాకాలం నీళ్లు చాలక, ప్రతి ఏడాదీ సీలేరు నీళ్లు వదలమని అడుగుతాం. సీలేరు ఏజెన్సీలో పుట్టిన నీరు, శబరిలో కలిసి కూనవరం దగ్గర గోదావరిలోకి వస్తుంది. భీమవరం చుట్టుపక్కల ఫిబ్రవరిలో పచ్చగా కనబడే చేను కొంత ఆ కొండల బాకీ. ఇప్పుడు పోలవరం. డెల్టా రెండో పంటకి భరోసా, విశాఖకి నీళ్లు, కృష్ణా వైపు నీళ్లు, కరెంటు. డెల్టాలో పుట్టినవాడిగా ఆ ప్రాజెక్టు వద్దనే ధైర్యం నాకు లేదు, వద్దనాలనీ లేదు. దాని కోసం ఖాళీ చేయాల్సిన లక్ష మందికి పైగా జనంలో పెద్ద భాగం కొండరెడ్లు, కోయలు. ముంపు మండలాలని 2014లో ఖమ్మం జిల్లా నుంచి మన రాష్ట్రంలోకి మార్చారు. మళ్లీ పటం మీద గీత జరిగింది.

2022 జులై 4న భీమవరంలో విగ్రహం లేచింది. అదే నెల మధ్యలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, 1986 తర్వాత అంత నీరు అదే. చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాల్లో ఊళ్లకి ఊళ్లు మునిగి జనం కొండలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. అది కాఫర్ డ్యాం వెనక నీరా, మామూలు వరదా అన్నదాని మీద రెండు రాష్ట్రాలు వాదించుకున్నాయి. వీఆర్ పురం మండలానికి కేంద్రం రేకపల్లి. ఇందాక చెప్పిన గొడ్డలికి నాలుగణాల రేకపల్లే.

అక్కడివాళ్లు ఇప్పుడు అడుగుతున్నది మూడే. పరిహారం ఏ ఏడాది లెక్కన ఇస్తారు, భూమికి భూమి ఎక్కడ చూపిస్తారు, కాలనీకి పంపేముందు అక్కడ నీళ్లూ బడీ ఉంటాయా లేదా. మన కాలవలకి నీళ్లెప్పుడొస్తాయని అసెంబ్లీలో ఎన్నిసార్లు అడుగుతారో, ఈ మూడు ప్రశ్నలూ అన్నిసార్లు అడుగుతున్నారేమో మీ ఎమ్మెల్యే గారిని ఒకసారి కనుక్కోండి. భీమవరం నుంచి కూడా అడగొచ్చు, నీళ్లు వచ్చేది ఇక్కడికే కదా.

వచ్చేవారం రంగూన్ స్టీమర్ల గురించి మాట్లాడుకుందాం, ఇవాళ అది మరీ తొందరగా దాటేశాను. ఉంటానండి.